చెరువులో నేను తీసిన కంప

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా తోటికోడలు సంతోషమ్మ. కుమ్మరి నాగమ్మ చెరువులో కూరుకుపోయిందని గడపలోనే నిలబడి చెప్పింది. అప్పటినుంచి ఈ బరువు నాతోనే ఉంది. పిల్లలు పెరిగారు, పెళ్లిళ్లయ్యాయి, వాళ్ల నాయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. బరువు మాత్రం దిగలేదు. అలసిపోయాను. అందుకే మీతో చెబుతున్నాను.

మాది కమలాపురం దగ్గర పల్లె. ఎండాకాలం మా చెరువు అంచుల నుంచి ఎండుకుంటూ వస్తుంది. పైన పెచ్చు కట్టి నెర్రెలిస్తుంది, చూస్తే బండలా ఉంటుంది. కొన్నిచోట్ల దాని కింద మనిషి లోతు బురద. నడుమ గుంటలో మిగిలిన నీళ్లకు ఆ పెచ్చు మీదే నడిచిపోవాలి. చెరువు కాపలా, నీళ్ల పంపకం చూసే నీరుగంటి ఓబన్న ఏటా కర్రతో పొడుచుకుంటూ ముందు తాను నడిచి, మెత్తగా ఉన్న చోటల్లా తుమ్మకంప వేసేవాడు. కంప ఉంటే అటు పోకూడదు. "ఏమప్పా, చెరువుకు కంచె కడతాండావే, యాడికన్నా పారిపోతాదా?" అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వేవాడు. దిగబడితే తన్నుకోవద్దని, వెల్లకిలా పడుకుని అరవమని మాత్రం అందరికీ చెప్పేవాడు.

ఆ పొద్దున నీళ్లు తెచ్చుకుంటూ ఒక కంప తీసుకున్నాను. మా దొడ్డి కంచెలో సందుపడి మేకపిల్ల బయటికి పోతోంది. దాన్ని మూయాలి. పక్కనే ఇంకో కంప ఉంది కదా, ఒకటి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. తెలియక తీశానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ అది ఎందుకు వేశారో నాకు తెలుసు. తెలిసే తీశాను.

నాగమ్మ పక్క ఊరి మనిషి. కుండలకు బంకమన్ను కోసం వచ్చేది. ఆ రెండో కంపను తప్పించుకుని, నేను ఖాళీ చేసిన చోటనే అడుగు వేసింది. నులకమంచం ఈడ్చుకుపోయి బురద మీద వేసి, దాని మీద బోర్లా పడుకుని ఓబన్నే ఆమెను పైకి లాగాడు. అప్పటికే ఊపిరి లేదు. ఆమెకు ఎవరున్నారో, ఎంతమంది బిడ్డలో, నేను ఈనాటికీ వాకబు చేయలేదు.

సంతోషమ్మ వెళ్లాక కంచెలోని కంప పీకి పొయ్యిలో పెట్టాను. ఆ మంట మీదే సంగటి కెలికాను. తినేముందు అలవాటుగా స్తోత్రం చెప్పాను. దేనికి చెప్పాను? పట్టుబడనందుకా?

ఓబన్న కంప వేయడం మరిచాడని ఊరంతా అన్నారు. సాయంత్రం ఆయన మా వాకిట్లోకి వచ్చాడు.

"కోడలా, పొద్దున నువ్వు ఆ దోవనే వచ్చింటివి గదా. నేనేసిన కంప ఆడ ఉండాదా?"

"నేను చూడలేదు మామా."

"చూసింటే చెప్పకుండా ఉంటావా. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదులే. నేనే మరిచినానేమో."

ఆ చివరి మాటే నన్ను తింటోంది. నా మాట నమ్మి, తన చేతులు చేసిన పనిని తానే నమ్మడం మానేశాడు. మునసబు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఆ పనికిచ్చిన మాన్యం చేనూ పోయింది. ఆత్మకూరు వైపు కూలికి వెళ్లి అక్కడే చనిపోయాడని తర్వాత విన్నాను. ఎన్ని ఆదివారాలు మోకాళ్ల మీద దేవునికి చెప్పుకున్నానో. దేవునికి చెప్పడం తేలిక, ఆయన ముందే ఎరుగును. ఎరుగనివాడు ఓబన్న. చెప్పవలసింది ఆయనకు.

మా నాయన నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయనకు వందనాలు. అవి లేకుంటే ఇదీ రాయలేకపోయేదాన్ని. ఇంతవరకూ చదివిన మీకూ వందనాలు. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక గుండెలో కాస్త గాలి ఆడుతోంది, అంతే.

ఒక్కటి అడుగుతాను. నీరుగంటి ఓబన్నను గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు కూడా ఆయన కంప వేశాడు. మరిచిపోలేదు.