ఊగని దడి

నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి దడి కట్టాలన్నా మా తాతయ్యకే కబురొచ్చేది. మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మిరప చేనుకైనా కూరగాయల మడికైనా చుట్టూ గట్టి దడి లేకపోతే పంట అడవి పందుల పాలే. తెల్లారేసరికి చేనంతా కుళ్ళగించి పోయేవి. మా తాతయ్య కట్టిన దడిని మాత్రం ఏ పందీ కదిలించలేదని పేరు. భుజం దాకా చెయ్యి దిగేంత గుంట తవ్వి గుంజ పాతేవాడు. చుట్టూ రాళ్ళు పోసి గడ్డపారతో కూరేవాడు. పని అయ్యాక భుజం ఆనించి ఒక్క తోపు తోసేవాడు. దడి ఊగకపోతేనే వెళ్ళి చేతులు కడుక్కునేవాడు. ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. కట్టిన చేత్తో దడిని పీకకూడదట. అవసరం తీరితే చేను వాళ్ళు పీక్కోవాలి, లేదా చెదలు తినాలి. అంతే తప్ప ఆయన ముట్టుకునేవాడు కాదు.

ఈ దడుల సంగతి ఎందుకంటే, నా కింది పెదవి మీద ఇప్పటికీ ఉన్న మచ్చ మా తాతయ్య దడి పెట్టిందే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. మా బడికి ఆటల సారు లేడు. లెక్కల సారుకే ఆటలు కూడా అప్పజెప్పారు. ఖమ్మంలో జరిగే జిల్లా పోటీల్లో హర్డిల్స్‌కు, అంటే వరసగా దడులు దూకుతూ పరుగెత్తే పందేనికి, మా బడి నుంచి ఎన్నడూ ఎవరూ వెళ్ళలేదని, ఈసారి పంపి తీరాలని ఆయన పంతం పట్టాడు. పంతం మంచిదే. నేను అప్పటికే పొడుగుకాళ్ళ పిల్లని, మగపిల్లలతో సమానంగా పరుగెత్తేదాన్ని. అందుకని మొదట నా పేరే రాసుకున్నాడు. నేను అప్పటిదాకా ఖమ్మం చూడలేదు. పెద్ద మైదానంలో, సున్నంతో గీసిన గీతల మధ్య, కాన్వాస్ బూట్లు వేసుకుని పరుగెత్తుతానని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ ఏడాది నాకు అంతకు మించిన కోరిక ఇంకోటి లేదు.

కోరికైతే ఉంది గానీ బడిలో హర్డిల్స్ లేవు. లెక్కల సారు కూడా వాటిని పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటాడని ఇప్పుడు అనిపిస్తుంది. మా తాతయ్యను పిలిపించి, నడుము దగ్గర చెయ్యి పెట్టి ఇంత ఎత్తు కావాలని చూపించాడు. మనవరాలు దూకబోయే దడి అనేసరికి మా తాతయ్య ఉబ్బిపోయాడు. అడవిలోకి పోయి ముదురు వెదురు ఏరి తెచ్చాడు. బడి మైదానంలో వరసగా గుంటలు తవ్వి, గుంజలు పాతి, రాళ్ళు కూరి, అడ్డబొంగులను ఇనుప తీగతో బిగించి కట్టాడు. చివర అలవాటు ప్రకారం ఒక్కోదాన్ని భుజంతో తోసి చూశాడు.

"పంది గాదు సారూ, ఎద్దొచ్చి గుద్దినా ఊగదు," అన్నాడు.

సారు కూడా ఊపి చూసి మెచ్చుకున్నాడు. వాళ్ళిద్దరి ముఖాల్లో ఆ రోజు వెలిగిన సంతోషం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ దడులను దూకమన్నారు మమ్మల్ని. మొదటి వారంలోనే మోకాలి చిప్పలు పగలని పిల్ల లేదు. కాలు కాస్త తగిలిందా, దడి కదిలేది కాదు, మనిషే బొక్కబోర్లా పడాలి. సారు చివర్లో బెత్తం పట్టుకుని నిలబడి, పడిన ప్రతివాళ్ళనూ తిట్టేవాడు. పడటం తప్పట, భయపడితేనే పడతారట. దూకేవాళ్ళకు తెలుస్తుంది భయం ఎక్కడి నుంచి వస్తుందో, బెత్తం పట్టుకున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది? రెండో వారంలో ఒక రోజు నా మడమ అడ్డబొంగుకు తగిలింది. ముఖం నేలకు కొట్టుకుంది, పన్ను కింది పెదవిలోకి దిగింది. ఆటోలో వేసుకుని గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. పెదవికి కుట్లు పడ్డాయి.

సాయంత్రం ఇంటికి తెచ్చి మంచంలో పడుకోబెట్టాక మా తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. నా తల నిమిరాడు. ఏడవద్దన్నాడు. ఇక ఆగలేక అడిగాడు.

"బిడ్డా, దడి ఊగిందా?"

మాట్లాడే వీల్లేక లేదన్నట్టు తల ఆడించాను. ఆయన ముఖంలో చిన్న వెలుగు కనిపించింది. దాన్ని దాచుకోవాలని చూశాడు, కానీ నేను చూసేశాను. కుట్ల నొప్పి కంటే ఆ వెలుగు ఎక్కువ నొప్పి పెట్టింది. నేను బతికి బట్టకట్టినందుకు కాదు, తన దడి నిలబడినందుకు సంతోషపడే తాత ఎవరికైనా ఉంటాడా? ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

బడికి వెళ్ళేసరికి సారు నా పేరు తీసేసి ఇంకో అమ్మాయి పేరు రాసుకున్నాడు. క్లాసులో అందరి ముందు నిలబెట్టి చెప్పాడు. "గిది దూకేటప్పుడు కండ్లు మూసుకుంటది. భయస్తులకు ఖమ్మం ఎందుకు? అడివి పక్క పిల్లలు, చెట్లెక్కుడు తప్ప ఇంకేం వస్తది?" పిల్లలు నవ్వారు. పెదవికి కుట్లు ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలియదు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ మాట చెప్పుకుందామంటే వినేవాళ్ళు ఎవరున్నారు?

ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం పక్కింటి అక్క దగ్గర చేరాం. అక్క వాళ్ళాయన మణుగూరు బొగ్గు గనిలో పని చేసేవాడు. మా వాడలో కలర్ టీవీ వాళ్ళింట్లోనే ఉండేది. ఆ రోజు ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు చూపిస్తున్నారు. మగవాళ్ళ హర్డిల్స్ పరుగు మొదలవబోతోంది. నేను మూలకు కూర్చున్నాను. మా తాతయ్య మాత్రం దడులు కనబడగానే ముందుకు జరిగాడు.

టీవీలో తుపాకీ పేలగానే పరుగెత్తేవాళ్ళందరూ ఒక్కసారే లేచారు. తాటిచెట్టంత మనుషులు, అయినా ఎంత తేలిగ్గా దూకుతున్నారో. అంతలో మధ్య వరసలో ఒకతని కాలు దడికి తగిలింది. దడి వెల్లకిలా పడిపోయింది. అతను ఆగలేదు. తర్వాతి దానికీ తగిలింది, అదీ పడింది. ఇంకొకటి కూడా పడింది. అతను మాత్రం నిలబడే ఉన్నాడు, పరుగెత్తుతూనే ఉన్నాడు.

మా తాతయ్య పకపకా నవ్వాడు. "గిదేం దడి? ఎవడు కట్టిండో గని, తుమ్మితే పడ్తది. పెద్ద పెద్ద దేశాలోళ్ళకు గుంజ పాతుడు గూడ రాదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇన్ని దడులు పడగొట్టినవాణ్ని ఇప్పుడు బయటికి పంపేస్తారని, ఎవరో బెత్తం పట్టుకుని వస్తారని ఎదురుచూస్తున్నాను. ఎవరూ రాలేదు. అతను రెండోవాడిగా చేరాడు. గెలిచినవాడు వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. తర్వాత అదే పరుగును మళ్ళీ నెమ్మదిగా చూపించారు. కాలు తగలడం, దడి వంగడం, పడటం, అన్నీ విడివిడిగా కనబడ్డాయి. దడికి పాదాలు ఒకవైపే ఉన్నాయి, మనిషి పరుగెత్తి వచ్చే వైపు. గుంటలు లేవు, రాళ్ళు లేవు. ఊరికే నేల మీద నిలబెట్టారు.

మా తాతయ్య నవ్వు ఆగిపోయింది. లేచి టీవీకి అడ్డంగా పోయి నిలబడ్డాడు. వెనక నుంచి పిల్లలు అరుస్తున్నా కదల్లేదు.

"ఏంది బిడ్డా గిది? వాన్ని ఎల్లగొట్టలేదేంది?" అని అక్కను అడిగాడు.

టీవీలో ఆట గురించి హిందీలో చెబుతున్నారు, అక్కకు హిందీ వచ్చు. "లేదు తాతా, తగిల్తే పడేటట్టే చేస్తరంట. ఉరికేటోనికి దెబ్బ తగలొద్దని. పడగొట్టినా తప్పు గాదంట, గిప్పుడే చెప్పిండు," అంది.

"అంటే పడాల్సింది దడేనా?"

"అవ్ తాతా."

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా ముఖం కాదు, పెదవి చూశాడు. అక్క అన్నం పెడుతోంది. తినకుండా బయటికి నడిచాడు. కాసేపటికి గడ్డపార భుజాన వేసుకుని బడి వైపు పోతుంటే నేను కూడా వెనకే వెళ్ళాను, మాట్లాడకుండానే.

తను పాతిన గుంజను పీకడం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజే తెలిసి ఉంటుంది. రాళ్ళు రావు, మట్టి రాదు. చెమటలు కక్కుతూ ఒక్కోదాన్ని పెళ్ళగించాడు. కట్టిన చేత్తో పీకకూడదన్న పట్టింపు ఏమైందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మధ్యలో ఒకసారి మాత్రం గడ్డపార మీద ఆనుకుని, నేలకేసి చూస్తూ అన్నాడు. "ఊగలేదని సంబరపడ్డ గదా బిడ్డా. పాడుగాను నా సంబరం." అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే వెళ్ళి గుంజకు రెండో పక్క పట్టుకున్నాను.

సోమవారం సారు వచ్చి మైదానం చూసి మండిపడ్డాడు. బడి సొమ్ము పీకడానికి నువ్వెవరివని అరిచాడు. మా తాతయ్య గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఆ రోజు బడి బడంతా విన్నది.

"పాతింది నేను, పీకింది నేను. పందులు రావొద్దని గట్లా పాతుతం సారూ. నీ బడి పిల్లలు పందులా?"

 సారు, పడిపోయే దడులైతే పిల్లలకు భయభక్తులు ఎలా వస్తాయని ఏదో గొణిగాడు. మా తాతయ్య నా గడ్డం పట్టుకుని పైకెత్తి కుట్లు చూపించాడు. "నా తెలివితక్కువకు గీ పిల్ల నెత్తురు కార్చింది. నేను ఒప్పుకుంటున్న. నువ్వేమో భయస్తురాలంటివి," అన్నాడు. సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత మా తాతయ్య కొత్త దడులు మొదలుపెట్టాడు. పాపం, తగిలితే పడే దడి కట్టడం ఆయన చేతికి అలవాటు లేదు. ఎంత వద్దనుకున్నా గట్టిగానే బిగించేవాడు. ఒక్కోటి అయ్యాక నన్ను పిలిచి తన్నమనేవాడు. నా కోపమంతా కాళ్ళలోకి తెచ్చుకుని తన్నేదాన్ని. పడకపోతే విప్పి మళ్ళీ కట్టేవాడు. పడితే, "పడ్డది!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు. ఆ రోజు మంచం పక్కన నేను చూసిన వెలుగే అది. ఈసారి దాన్ని దాచుకోలేదు.

ఆ దడుల మీద నేను మొదటిసారి చివరిదాకా పరుగెత్తాను. రెండు పడ్డాయి, నేను పడలేదు. అయినా సారు నన్ను ఆ ఏడాది ఖమ్మం పంపలేదు. పేర్లు పంపేశానన్నాడు. నిజమో అబద్ధమో దేవుడికే తెలియాలి. మరుసటి ఏడాది వెళ్ళాను, నాలుగోదాన్నిగా వచ్చాను, పతకం రాలేదు. దానికి నాకు దిగులు లేదు. అడవి పక్క పిల్లలు అన్న మాటను మాత్రం సారు ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. చదువు రాని మా తాతయ్య బడి మొత్తం ముందు తప్పు ఒప్పుకున్నాడు. చదువు చెప్పే సారు నోటికి ఆ ఒక్క మాట బరువైంది. నేను ఆయన్ని క్షమించానని చెప్పుకోవచ్చు, ఆదివారం ఆదివారం చర్చికి పోయేదాన్ని కదా. కానీ అబద్ధం ఎందుకు, క్షమించలేదు.

ఇప్పుడు మేం ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటున్నాం. మా తాతయ్య లేడు. మా అమ్మాయి ఇక్కడే ఒక కోచింగ్ కాలేజీలో చదువుతోంది. మొన్న ఒక పరీక్షలో మార్కులు తగ్గాయని దాన్ని వెనక సెక్షన్‌లో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మీ పాపకు తట్టుకునే శక్తి లేదు మేడమ్ అని ఫోన్‌లో చెప్పారు. నేను షేర్ ఆటో ఎక్కి కాలేజీకి పోయాను. క్లాసులో ఎంతమంది తప్పారని అడిగితే సగానికి పైనే అన్నాడు అక్కడి సారు. "మా పేపర్ అంత టఫ్‌గా ఉంటది మేడమ్," అని కూడా అన్నాడు. అనేటప్పుడు అతని ముఖంలో చిన్న వెలుగు కనిపించింది. దాన్ని నేను ఎనిమిదో తరగతిలోనే చూశాను, ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆ తర్వాత అతనికి ఏం చెప్పానో మా అమ్మాయి ఇప్పటికీ సిగ్గుపడుతూ తన స్నేహితులకు చెబుతుంటుంది. దాన్ని మాత్రం మళ్ళీ ముందు సెక్షన్‌కు మార్చారు.

ఎవరి పిల్లయినా ఆటలోనో పరీక్షలోనో పడిందని తెలిస్తే, ముందు పిల్ల ఎట్లా ఉందని అడుగుతాను. తర్వాత మా తాతయ్య అడిగిందే అడుగుతాను, దడి ఊగిందా అని. ఊగలేదన్నారంటే చెప్పులు వేసుకుని బయల్దేరతాను.