హక్కుగా వస్తుందన్నాను

ఈ బరువు ఎక్కడైనా దించుకుందామని కొన్నేళ్ళుగా చూస్తున్నాను. చోటు దొరకలేదు. మా ఆయనకి చెబుదామని నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. దేవుడి ముందు దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఆ ఒక్కటీ దాటవేస్తాను, ఆయనకి తెలియనట్టు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పూర్తిగా వినండి, మధ్యలో నన్ను సమర్థించకండి. ఆ పని నేను ఇప్పటికే కావలసినంత చేసుకున్నాను.

మా బావ ఒకప్పుడు రేవులో చేపల వేలం పాడేవాడు. మా మేనత్త కొడుకు. సముద్రపు ఒడ్డున మా ఊరు. పడవలు రాగానే ఇసకలో తట్టలు దించేవాళ్ళు, చుట్టూ బేరగాళ్ళు మూగేవాళ్ళు, మధ్యలో బావ గొంతు లేచేది. మైకు లేదు, ఏమీ లేదు. నేను ఇంట్లో జడ వేసుకుంటూనే ఆ రోజు చందువాలు ఎంత పలికాయో చెప్పేసేదాన్ని. పాట మధ్యలో బేరగాళ్ళని ఏడిపించేవాడు, తిట్టేవాడు, తిట్టించుకున్నవాడే నవ్వి ఇంకాస్త పెంచేవాడు. నన్ను ఆయనకే ఇస్తారని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. నేను చదువుకని ఉయ్యూరు హాస్టల్లో చేరాను. ఆ లోపు ఆయనకి వేరే సంబంధం కుదిరింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆవిడని నేను అక్కా అనే పిలుస్తాను, మనస్ఫూర్తిగానే పిలుస్తాను. నాకూ పెళ్ళయింది, ఏ లోటూ లేదు. అయినా ఆయన ఫోను చేసి "ఏమే మరదలా" అంటే చాలు, ఆ రోజంతా నాకు బాగుండేది.

నేను అప్పుడు మా వైపు ఎమ్మెల్యే దగ్గర పనిచేసేదాన్ని. విజయవాడ పటమటలో ఆఫీసు. సారు మంచివారే, కోపిష్ఠి మనిషి. అప్పటి ఆరోగ్య పథకంలో ఒక మెలిక ఉండేది. పడవలో కాస్త వాటా ఉన్నా సరే, ఆస్తిపరుడి కింద లెక్కగట్టి కార్డు ఇచ్చేవారు కాదు. రేవు వాళ్ళలో సగం మంది అలాగే బయట ఉండిపోయారు. సారు సభలో పట్టుబట్టారు. అటు పక్షం వాళ్ళనీ ఇటు పక్షం వాళ్ళనీ కూడగట్టి, ఆ మెలిక తీసేస్తూ చట్టానికి సవరణ చేయించారు. బల్లలు చరిచారు. గవర్నరు గారి ఆమోదం కూడా అయింది. మేం ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం.

అయితే చట్టాల్లో ఒక చిన్న వాక్యం ఉంటుంది. ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది అని. ప్రభుత్వం ఆ తేదీ ప్రకటించలేదు. ఖజానా చూసుకోవాల్సింది మేము, సభ కాదు అని సచివాలయంలో వాళ్ళు. సభ చేసిన చట్టాన్ని ఆపడానికి మీరెవరు అని మా సారు. ఇలా నడుస్తుండగా ప్రభుత్వం ఒక పక్కదారి చూపించింది. తేదీ సంగతి తర్వాత చూద్దాం, ఈ లోపు ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకి ఎమ్మెల్యేలు ఉత్తరం రాస్తే సహాయ నిధి నుంచి ఇస్తాం అని. సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. జనానికి హక్కు ఇవ్వమంటే దయ చూపిస్తామంటారా అన్నారు. మన ఆఫీసు నుంచి ఒక్క ఉత్తరం కూడా వెళ్ళకూడదన్నారు. ఉత్తరాలు వెళ్తే ఇక చట్టంతో పనేముంది అని వాళ్ళే అంటారట. నాకది సబబుగా తోచింది. ఇప్పటికీ తోస్తుంది. నా కష్టమంతా అక్కడే ఉంది.

అప్పుడే బావ గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నాడు. తర్వాత అరుపుల వల్లన్నాడు. అక్క పోరు పడలేక డాక్టరుకి చూపించుకుంటే, లోపల చిన్న పుండు ఉంది, మంచి జబ్బు కాదు, ఇప్పుడే కరెంటు, అదే రేడియేషను, పెట్టిస్తే గొంతు దక్కుతుంది, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. ఈ సంగతి సారుకి నేనే చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. మీ బావ వరకు నువ్వే ఉత్తరం టైపు చేసుకుని రామ్మా, సంతకం పెడతాను, బయట అనకు అన్నారు.

ఇది ఎవరికీ తెలియదు. సారు ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. రోజూ పెట్టే సంతకాల్లో అదీ ఎప్పుడో అయిపోయిందని అనుకున్నారేమో.

నేను ఉత్తరం టైపు చెయ్యలేదు.

ఆ వారంలోనే బావ పటమట వచ్చాడు, థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి నాకు చందువాలు పట్టుకుని. మెడకి కండువా చుట్టుకున్నాడు. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

"పడవలో నా వాటా అమ్మేద్దావనుకుంటన్నానే. గుంటూరెళ్ళి కరెంటు పెట్టిచ్చుకుంటా. గొంతు లేపోతే రేవులో నన్నెవడు రానిత్తాడు?" అన్నాడు.

"అమ్మకు బావా. చట్టం అయిపోయింది. తేదీ వెయ్యడమే తరువాయి."

"ఎప్పుడేత్తారంటా?"

"ఈ నెల్లోనే."

"మీ ఎమ్మెల్యేగారు కాయితం రాసిత్తే ఏదో నిధిలోంచి ఇత్తన్నారంట గదా? మనోళ్ళు అనుకుంటన్నారు."

"అది అడుక్కున్నట్టు బావా. నీకా ఖర్మేంటి? నీకు హక్కుగా వస్తుంది. మొదటి కార్డు నీదే. స్టేజీ మీదకి పిలిచి నేనే ఇప్పిస్తా, చూడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కూడా బొంగురు. "నువ్వు సెప్పాక ఇంకేముందే," అని లేచాడు.

ఈ నెల్లోనే అన్నాను చూశారా, అది అబద్ధం. ఆ ముందురోజే సారు వెంట బ్యారేజీ దాటి అసెంబ్లీకి వెళ్ళొచ్చాను. ఫైలు మళ్ళీ వెనక్కి పంపారనీ, ఇది ఇప్పట్లో తేలేది కాదనీ లాబీలో మాట్లాడుకుంటుంటే విన్నాను. తెలిసే అన్నాను. ఎందుకన్నాను? సారు మాట నిలబెట్టడానికని చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరికీ లేని వెసులుబాటు మా వాళ్ళకెందుకు అనే నీతి కూడా చెప్పుకున్నాను. వినడానికి బాగానే ఉంటుంది. నిజం చెప్పమంటారా? ఉత్తరం రహస్యంగా వెళ్తే నేను చేశానని ఎవరికీ తెలియదు. స్టేజీ అయితే తెలుస్తుంది. రేవంతా వస్తుంది, అత్త వస్తుంది, అక్క వస్తుంది, మైకులో బావ పేరు నేను చదువుతాను, ఆయన మెట్లెక్కి నా ముందుకి వస్తాడు. ఆ మనిషి జీవితంలో ఒక్క పెద్ద మేలు నా చేతి మీదుగా జరగాలని ఉండేది. అంత మనిషిని నాకు దక్కకుండా చేసిన ఊరు ఆ రోజు నన్ను చూడాలని ఉండేది. ఇంత చిన్న ఆశకి అంత పెద్ద గొంతుని పణంగా పెట్టానని అప్పుడు అనుకోలేదు. అనుకోకపోవడం కూడా ఒక సాకేనా? ఏమో.

నెల గడిచింది. ఇంకో నెల. వానలు వెళ్ళిపోయాయి. బావ అడిగినప్పుడల్లా ఇదిగో వచ్చేస్తోందన్నాను. ప్రతిసారీ, ఇప్పుడైనా ఉత్తరం తీసుకుందామనుకునేదాన్ని. తీసుకుంటే, ముందే ఎందుకు తీసుకోలేదని అడుగుతారు గదా. ఆ భయంతో ఇంకాస్త ఆలస్యం. చలికాలంలో మింగుడు పడక ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇక కరెంటుతో అయ్యేది కాదు, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. పడవలో వాటా అప్పుడు అమ్మారు. ఏది అమ్మొద్దన్నానో అదీ పోయింది, ఏది దక్కాలని అమ్ముతానన్నాడో అదీ పోయింది.

సారు సభలో లేచి బావ సంగతి చెప్పారు. మీరు తేదీ వెయ్యకపోవడం వల్ల ఒక మనిషి గొంతు పోయిందన్నారు. ఆ ప్రసంగం రాసిచ్చింది నేనే. పేపర్లలో వచ్చింది, మా ఊరి వాళ్ళు ప్రభుత్వానికి శాపనార్థాలు పెట్టారు. సారు నన్ను ఒక్క మాటా అడగలేదు, నా ముఖంలోకి చూడడం మాత్రం తగ్గించారు. ఆ గొడవతోనే చివరికి తేదీ వచ్చింది. స్టేజీ కట్టాం. మొదటి కార్డు ఒక ముసలాయన తీసుకున్నాడు. బావ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు రేవులో వేలం ఇంకెవరో పాడుతున్నారు. బావ తట్టలు సర్దుతాడు. మెడ దగ్గర రంధ్రం మీద తెల్లటి గుడ్డ కట్టుకుంటాడు. నేను వెళ్తే పక్కనున్న వాళ్ళకి నన్ను వేలుతో చూపించి గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. మా మరదలు నా కోసం ఎంత తిరిగిందో అని. అక్క ఆ మాటలు పైకి చెబుతుంది. నేను తల దించుకుంటే, ఎంత అణకువో అంటుంది.

నా ఫోనులో ఆయన గొంతుతో పంపిన మెసేజి ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ ఫోను మార్చినప్పుడు పోయాయి. ఆ మిగిలినది కూడా తేదీ వచ్చిందా అని అడుగుతూ పంపినది, సగం గాలి, సగం మాట. వినలేను, తీసెయ్యలేను. ఏదైనా చేపల బజారు పక్కనుంచి ఆటో వెళ్తుంటే ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాను. ఎవరో అరుస్తుంటారు, ఆయన కాదు.

వెళ్ళి చెప్పెయ్యొచ్చు గదా అంటారు. రెండుసార్లు బస్సెక్కాను కూడా. ప్రభుత్వం తేదీ వెయ్యలేదు, అది నిజం. కానీ మా బావకి ఆ తేదీతో పని లేకుండా చేసే వీలు అప్పుడు నా చేతిలో ఉండేది. నేను చెయ్యలేదు, పైగా ఆయన చేసుకోబోతే ఆపాను. ఈ మాట మొదటిసారి బయటికి అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఇలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది. క్షమించమని అడగాలని లేదు. నాకు ఒకటే కావాలి. ఇది విన్న రోజున బావ నన్ను తిట్టాలి, ఒసేయ్ అని మొదలుపెట్టి, రేవు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడేలా, నోరారా తిట్టాలి.

తిట్టడానికి ఆయనకి గొంతు లేదు.