మా వదిన పెట్టని సంతకం

పోయిన బుధవారం పొద్దున మానుకోట నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన పెద్ద కొడుకు చేశాడు. "అత్తమ్మా, అమ్మ పోయింది. చాయ్ తాగింది, గిలాస కింద పెట్టింది, గంతే" అన్నాడు. వాడు ఏడవలేదు. నేనూ ఏడవలేదు. బస్సెక్కి మానుకోట చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ఇంటి ముందు లారీల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు రోడ్డు నిండా ఉన్నారు.

రెండు రోజుల తర్వాత పేపర్లో ఓ మూల రెండు వాక్యాలు పడ్డాయి. ఉద్యమంలో జైలుకు పోయి వచ్చిన మెకానిక్ గారి భార్య కన్నుమూసింది అని. ఆ "గారి భార్య" దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మా అన్న మంచివాడే, జైలుకు పోయిన మాట కూడా నిజమే. కానీ ఆ జైలు తలుపు తెరిపించే కాగితం ఒకటి మా వదిన చేతికి వచ్చిందనీ, దాన్ని ఆమె ఏం చేసిందనీ పేపరు వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఆమెకు అడ్డం పడ్డాను కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

మా వదినది డోర్నకల్. వాళ్ల నాయిన రైల్వే షెడ్డులో ఫిట్టరు. వాళ్లది ఆదివారం చర్చికి పోయే ఇల్లు, మాది బోనం చేసే ఇల్లు. పెళ్లికి రెండు వైపులా మొహాలు ముడుచుకున్నారు. ఆమె అదేమీ పట్టించుకోకుండా జనగామలో మా ఇంట్లో దిగి, వారం తిరక్కుండానే స్టేషను దగ్గర మా అన్న నడిపే మోటరు షెడ్డుకు అన్నం గిన్నె పట్టుకుపోయింది. పోయింది పోయినట్టు అక్కడే కూర్చుంది. సాయంత్రం వచ్చేటప్పుడు మా అన్న గిన్నె మోస్తున్నాడు, ఆమె పానాల సంచీ మోస్తోంది.

తల్లి లేని పిల్ల కావడంతో వాళ్ల నాయిన చిన్నప్పటి నుంచీ ఆమెను తన వెంటే షెడ్డుకు తీసుకుపోయేవాడట. ఇంజను ఎక్కడ ఆవిరి వదులుతోందో చూడకుండానే చెప్పడం అక్కడే అబ్బింది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ సమయంలో ఎవరు మాట్లాడినా తిట్టేది. "మనిషి అబద్ధమాడుతడు గని మిషిన్ ఆడదు" అనేది. నాకు ఆ మాట గొప్పగా అనిపించేది కాదు. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆడమనిషి రోడ్డు మీద గ్రీసు చేతులతో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గుపడేదాన్ని.

సంఘం లేచిన కాలం అది. పల్లెల్లో వెట్టి చెయ్యం అని జనం మొదటిసారి నోరు తెరిచారు. దొరలకు ఎదురుతిరిగిన వాళ్లకు మా అన్న పెట్రోలు ఇచ్చాడనీ, పాడైన తుపాకులు బాగుచేశాడనీ నిజాం పోలీసులు ఒక పొద్దున వచ్చి పట్టుకుపోయారు. చెప్పులేసుకోనివ్వలేదు. ఆయన ఉత్త కాళ్లతో పోయాడు. చెప్పులు షెడ్డు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. వదిన వాటిని తీసి లోపల బల్ల కింద పెట్టింది, మర్నాడు షెడ్డు తెరిచింది.

ఆర్నెల్లు గడిచాక, జనగామ పక్క ఊరి దొర కారు మా షెడ్డు ముందు ఆగింది. ఆగింది అనకూడదు. ఎద్దులా ఒర్రుకుంటూ వచ్చి, రాయికి తగిలి నిలబడింది. దాంట్లోంచి దొర గుమాస్తా దిగాడు. వెనక డ్రైవరు దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి. వంగి నడుస్తున్నాడు. అంగీ వీపుకు అంటుకుపోయి ఉంది. దెబ్బలు తిన్న మనిషని చూడగానే తెలుస్తోంది.

గుమాస్తా చెప్పింది ఇదీ. కారు పాతది. దాని ఇంజను బిగుసుకుపోతే, మిలిటరీ వాళ్లు వదిలేసిన బండి ఇంజను ఒకటి కొని పట్నంలో ఎవరితోనో దీనికి ఎక్కించారు. అప్పటి నుంచీ పెడలు మీంచి కాలు తీసినా ఇంజను వేగం తగ్గడం లేదు, నిలబడ్డ చోట కూడా రంకె వేస్తోంది. పోయిన వారం దొర ఉండే గడి దర్వాజా ముందు గేరు వెయ్యగానే ఒక్క ఉరుకు ఉరికి, అక్కడ ఊడుస్తున్న ముసలాయన్ని గోడకేసి నొక్కింది. ఆయన రెండు కాళ్లూ విరిగాయి. కారులో దొర కూడా ఉన్నాడు. ఊరు ఊరంతా గడి ముందుకు వచ్చి నిలబడింది.

దొర మాత్రం డ్రైవరు తాగి పెడలు తొక్కాడని అంటున్నాడు. బండిలో ఏ లోపమూ లేదని ఒక మెకానిక్ రాసిస్తే చాలు, నేరం డ్రైవరు మీద పడుతుంది. వాణ్ని ఠాణాకు అప్పజెప్పి, వాడి కుటుంబాన్ని ఊళ్లోంచి వెళ్లగొడతారు. కాగితం రాసుకునే తెచ్చాడు గుమాస్తా. కింద సంతకానికి జాగా వదిలి ఉంది. వదినకు సంతకం పెట్టడం వచ్చు, చర్చి వాళ్ల మిషన్ బడిలో నేర్చుకుంది.

గుమాస్తా గొంతు తగ్గించి ఇంకో మాటన్నాడు. "దొర ఒక్క మాట చెప్తే నీ పెనిమిటి రేపే ఇంటికొస్తడు. సోంచాయించుకో."

నేను లోపల నిలబడి అంతా వింటున్నాను. వదిన చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, సంతకం పెట్టమని బతిమాలాను. ఆ డ్రైవరు మనకేమవుతాడు, అన్న మన మనిషి అన్నాను. అన్న దగ్గుతున్నాడని జైలు నుంచి కబురొచ్చిన సంగతి గుర్తుచేశాను. ఆమె నా చెయ్యి విడిపించుకుంది. "ముందుగాల బండి ఏమంటదో విననియ్యి" అంది.

గుమాస్తాకు అభ్యంతరం లేకపోయింది. కారు ఎలాగూ బాగుచేయించాలి. కూర్చోవడానికి డబ్బా అడిగాడు, నేను తెచ్చి వేశాను.

వదిన మొదట డ్రైవరును పిలిచి, రోడ్డు అవతల చింతపండు బస్తాల దగ్గర నిలబడమంది. అతను పోయి నిలబడ్డాడు. స్టేషను బయట కూలీలు, బండ్లవాళ్లు, రైలుకోసం వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే చుట్టూ మూగారు. ఆమె పెడలు నుంచి ఇంజనుకు పోయే కడ్డీని ఊడబీకి, అందరికీ కనబడేట్టు కారు మీద పెట్టింది. ఆ కడ్డీ లేకపోతే పెడలు తొక్కినా ఇంజనుకు తెలియదు. అప్పుడు హ్యాండిలు తిప్పి స్టార్టు చేసింది. ఇంజను ముందు ఎలా ఒర్రిందో అలాగే ఒర్రింది.

"గది ఎవ్వని కాలు?" అంది వదిన, గుమాస్తా వైపు తిరిగి. "కాలు ఆడ నిలవడ్డది. బండి ఈడ ఒర్రుతున్నది."

గుమాస్తా ఆ మాట విననట్టు, త్వరగా కానిమ్మన్నాడు.

వేగం తగ్గించే మర ఒకటి ఉంటుంది. దాన్ని ఆమె పూర్తిగా వెనక్కి తిప్పింది. ఏమీ మారలేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కాసేపు విన్నది. తర్వాత గుంపులో ఒక హమాలీ దగ్గర వెలిగించిన బీడీ అడిగి తీసుకుంది. ఆమె దమ్ము లాగుతుందేమోనని నేను తల దించుకున్నాను. ఆమె బీడీని కార్బురేటరు చుట్టూ తిప్పింది. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించే గిన్నె అది. పాత కారుది తీసి కొత్త ఇంజను మీద కూర్చోబెట్టారు. మూడు వైపులా బీడీ పొగ మామూలుగా పైకి పోయింది. నాలుగో వైపు, గిన్నె అడుగున అతుకు దగ్గర, పొగ దారంలా సాగి లోపలికి దూరిపోయింది. పెట్రోలు దగ్గర నిప్పేమిటని ఒకాయన వెనక్కి జరిగాడు. నాయిన దగ్గర నేర్చిన పద్ధతి, తప్పని ఆమెకూ తెలుసు. మళ్లీ ఎప్పుడూ అలా చెయ్యలేదు.

పాత గిన్నె అడుగు కొత్త ఇంజను మూతికి సరిపోలేదు. ఒక పక్క సందు ఉండిపోయింది. లెక్కలో లేని గాలి ఆ సందులోంచి పోతోంది. పెడలు వదిలినా ఇంజను ఆ గాలి తాగి పరుగెత్తుతోంది. వదిన దగ్గరకు పిలిచి మరీ ఒక్కొక్కరికీ ఇది చూపించింది. చదువు రాని వాళ్లకు కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. గుమాస్తాకు కూడా చెప్పింది.

అప్పుడు ఇంజను ఆపి, గిన్నె విప్పి, లోపలికి పోయి మా అన్న చెప్పు ఒకటి తెచ్చింది. నేను వద్దన్నాను. ఆమె కత్తితో మడమ దగ్గర తోలు కోసి, గిన్నె అడుగు ఆకారానికి చెక్కి, బొక్కలు పొడిచి, నూనెలో తడిపి మధ్యలో పెట్టి బిగించింది. మళ్లీ హ్యాండిలు తిప్పింది. ఇంజను ఒక్కసారి గట్టిగా ఒర్రి, మెల్లగా సర్దుకుంది. ఎంత చల్లగా నడిచిందంటే, దూరంగా గూడ్సు బండి పట్టాలు మారే చప్పుడు కూడా వినబడింది. రోడ్డు అవతల డ్రైవరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

గుమాస్తా లేచాడు. బండి బాగైంది, ఇక సంతకం పెట్టమన్నాడు. బాగైంది గనక ఇప్పుడు లోపం లేదు, రాసిందాంట్లో అబద్ధం కూడా లేదన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. అబద్ధమాడామన్న పాపం తగలకుండా మా అన్న ఇంటికొచ్చే దారి దొరికిందనిపించింది. పెన్ను నేనే అందించాను.

వదిన పెన్ను తీసుకుని నా చేతిలోనే పెట్టేసింది. "తప్పు బండిదని అందరి ముందట నీ నోటితోని చెప్పు. గప్పుడు బండి తీస్కపో" అంది గుమాస్తాతో.

అతను చెప్పలేదు. ఎట్లా చెప్తాడు? దొర కొన్న ఇంజను, దొర ఎక్కించిన ఇంజను. దానికి బదులు ఆమెను ఒక బూతు మాట తిట్టాడు, మీ ఆయన జైల్లోనే కుళ్లుతాడన్నాడు.

ఆమె ఇంజను ఆపింది. పానా తీసుకుని, కాలుతున్న మరలు ఒక్కొక్కటే విప్పింది. గిన్నె ఎత్తి, మధ్యలోని తోలు ముక్క తీసి, కొంగుతో తుడిచి చేతిలో పట్టుకుంది. గిన్నెను ముందు ఉన్నట్టే పెట్టి బిగించింది.

"నీ బండి నీకున్నది. గిది నా పెనిమిటి చెప్పు తోలు. నాది నేను తీస్కున్న" అంది.

గుమాస్తా డ్రైవరును బండెక్కమన్నాడు. డ్రైవరు రోడ్డు అవతలే నిలబడ్డాడు. రెండోసారి పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. మూడోసారి పిలిచేలోపు హమాలీలు అతని చుట్టూ చేరారు. గుమాస్తాకు కారు నడపడం రాదు. చివరికి ఎద్దులబండి మాట్లాడి, కారుకు మోకు కట్టించి లాగించుకుపోయాడు. దొర కారు ఎద్దుల వెనక జనగామ బజారులో పోతుంటే జనం రెండు పక్కలా నిలబడి చూశారు. దండం పెట్టడానికి ఒక్కరూ వంగలేదు.

ఆ రోజు నేను వదినతో మాట్లాడలేదు. తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పోలీసులొచ్చి షెడ్డులో సామానంతా ఎత్తుకుపోయారు, ఆమెను రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. అన్నం పట్టుకుపోతే నా మొహం చూసి, "సామాన్లు పోయినయి గని పని పోలే" అంది. బయటికొచ్చాక హమాలీలు తలా ఒక పానా, ఒక సుత్తె ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఇచ్చారు. మళ్లీ షెడ్డు తెరిచింది.

ఆ కాగితం మీద దొర ఇంకెవరితోనైనా సంతకం పెట్టించుకున్నాడో లేదో నాకు తెలియదు. పెట్టించుకున్నా అది చెల్లలేదు. బీడీ పొగ సంగతి అప్పటికే ఊరూరికీ పాకింది. కాళ్లు విరిగిన ముసలాయన ఇంటికి ఊరివాళ్లు గడి కొట్టంలోంచి పాడి ఆవును తోలుకొచ్చి కట్టేశారు, దాన్ని విప్పుకుపోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. డ్రైవరు పెళ్లాం పిల్లల్ని తీసుకుని చిట్యాల వైపు వాళ్ల మేనమామల ఊరికి పోయాడు. ఏటా ఎండాకాలం మిరపకాయల బస్తా పంపేవాడు. ఇంత కారం తింటే చస్తామని వదిన ఏటా విసుక్కునేది, ఏటా దంచేది.

మా అన్న ఇంకో ఏడాదిన్నర జైల్లో ఉన్నాడు. సగం మనిషై వచ్చాడు. వచ్చిన రోజే వదిన అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. సంతకం పెడితే ఎప్పుడో ఇంటికొచ్చేవాడివని కూడా చెప్పింది. నేను గోడకు ఆనుకుని ఆయన ఏమంటాడోనని చూస్తున్నాను. ఆయన తన కాళ్ల వైపు చూసుకుని, ఏ కాలి చెప్పు కోశావని అడిగాడు. ఎడమదని చెప్పింది.

"మంచిగైంది. అది కరుస్తుండె" అన్నాడు.

వాళ్లిద్దరూ నవ్వుతుంటే నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, నేను అన్నను ఇంటికి తెమ్మని అడిగాను గానీ ఎలాంటి అన్నను తెమ్మంటున్నానో ఆలోచించలేదని. ఆ తర్వాత నేను చదువుకుని టీచరునయ్యాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో సంతకం పెట్టమని ఎన్నో కాగితాలు వచ్చాయి. కొన్నింటి మీద పెట్టలేదు. ఆ ధైర్యం నాది కాదు, ఆమె దగ్గర తెచ్చుకున్నది.

వాళ్లు తర్వాత మానుకోటకు మారారు. అన్న పోయాక కూడా ఆమె పని మానలేదు. చివరి నాలుగేళ్లలో చెవులు పూర్తిగా పోయాయి. ఇక ఇంట్లో కూర్చుంటుందని అందరూ అనుకున్నారు.

నేను ఆమెను చివరిసారి చూసింది ఈ ఎండాకాలం. బస్సు దిగి నడిచొస్తుంటే వాళ్ల ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా ఒక ట్రాక్టరు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. మా వదిన బానెట్టు మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ట్రాక్టరు రైతు పక్కన నోరెత్తకుండా చూస్తున్నాడు. వెనక రెండు లారీలు, ఒక జీపు ఆగిపోయాయి, జీపువాడు ఆగకుండా హారను కొడుతున్నాడు. ఆమెకు ఆ హారను వినబడదు. ఎవరో భుజం తట్టి వెనక్కి చూపించారు. ఆమె కళ్లు తెరవలేదు. బానెట్టు మీది చెయ్యి అలాగే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి ఆగమంది. జీపువాడు హారను ఆపాడు.