సీటు మీద కర్చీఫ్

మూఢనమ్మకాల మీద ఎన్ని సభల్లో మాట్లాడినా, మైకు ముందు నిలబడితే నా చేతులు వణుకుతాయి. డాక్టరు ఒక మాత్ర రాశాడు. సభకు గంట ముందు సగం ముక్క వేసుకుంటాను. అడ్రినలిన్ వచ్చి కూర్చునే చోట్లు గుండెలోనూ కండరాల్లోనూ ఉంటాయి. వాటినే రిసెప్టర్లంటారు. అది కూర్చుందంటే గుండె దడ, చేతుల వణుకు. ఈ మాత్ర ముందే వెళ్లి ఆ చోటు పట్టుకుంటుంది. తాను ఏ పనీ చెయ్యదు, వచ్చినదాన్ని కూర్చోనివ్వదు.

పోయిన నెల మా క్యాంపస్ సెమినార్ హాల్లో ఇదే చెప్పాను. "తార్నాకలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తారే, ఈ మందు ఆ కర్చీఫ్! నేనూ వేసుకునే వచ్చాను, చూడండి" అని చేతులు చాపి చూపించాను. వేలు కూడా కదల్లేదు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది. ముందు వరసలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి జబ్బకు తాయత్తు కనిపించింది.

"ఏమ్మా, నీ తాయత్తు ఏ రిసెప్టర్ మీద కర్చీఫ్ వేస్తుంది?"

హాలు ఇంకా గట్టిగా నవ్వింది. ఆ అమ్మాయి తల వంచుకుని, పళ్లతో ముడి లాగి, తాయత్తు విప్పి బ్యాగులో వేసుకుంది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

సభ అయ్యాక తార్నాకలో టీ తాగి, మూతి తుడుచుకోబోయి కర్చీఫ్ తీశాను. ఏదో జారిపడింది. పక్కనే కప్పు పట్టుకుని నిలబడ్డ మనిషి వంగి తీసింది. ఆ అమ్మాయే.

"సార్, గిది మీదే గదా?"

సగం మాత్ర. బయల్దేరడం ఆలస్యమై, హాల్లో నీళ్లడిగి వేసుకుందామని కర్చీఫ్‌లో చుట్టుకున్నాను. శాలువా, పరిచయాల హడావిడిలో వేసేసుకున్నాననే అనుకున్నాను.

"కర్చీఫ్ జేబులనే ఉండె సార్. సీటు మీద ఎయ్యనే లే! మరి చేతులెట్ల ఆగినయ్?"

"వేసుకున్నాననుకున్నానమ్మా. ఆ ధీమాకి అడ్రినలిన్ అసలు బయల్దేరలేదేమో."

"నాది గూడ గంతే సార్. రేపు వైవా ఉన్నది, అందుకే అమ్మ కట్టింది. గది చేసేదేం లేదని నాకు ఎర్కలేదా? అందరి ముందట ఇప్పిస్తిరి."

మండుతున్నట్టయింది మొహం. తాయత్తులో శక్తి లేదు, ఆ మాట రేపూ అంటాను. కానీ హాల్లో నేను చేసింది వాదన కాదు. ఒక పిల్లను పట్టుకుని నలుగురిని నవ్వించడం. అదీ, మింగని మాత్ర ఇచ్చిన ధైర్యంతో.

ఆమె బ్యాగులోంచి తాయత్తు తీసి పళ్లతో ముడి వెయ్యబోయింది. పడలేదు. చెయ్యి నా ముందుకు చాపింది.

"జర కట్టుండ్రి సార్. ఒంటి చేత్తో అయితలేదు."

టీ కొట్టు ముందు, నన్ను ఎరిగిన జనం మధ్య, దారం అందుకున్నాను. ముడి జారిపోయింది. మళ్లీ వేశాను.

"సార్, మీ చేతులు వణుకుతున్నయ్."

"వేసుకోలేదు కదమ్మా" అన్నాను.