రెండు మాయకథలూ, బిడ్డ అనే మాటా

మొన్న జగిత్యాలలో మా మనవరాలు రెండు సెట్ల లావుపాటి ఇంగ్లీషు మాయాలోకపు నవలలు ముందేసుకుని, ఈ కథలోని ముసలి గురువూ ఆ కథలోని ముసలి గురువూ ఒకే అచ్చులో పోసినట్టున్నారని నాకు పాఠం చెప్పబోయింది. మీలో చాలామందిలాగే నేనూ పిల్లల పత్రికల సీరియళ్లు నమిలి మింగి పెరిగినదాన్నేనని, ఈ పోలికల విద్యలో ఎప్పుడో తలపండినదాన్నని దానికేం తెలుసు? నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ రోజంతా మా అక్కే కళ్లలో మెదిలింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. వాళ్లది సిరిసిల్ల, మాది కోరుట్ల. నాకొక మాసపత్రిక దొరికేది, తనకు మరొకటి, రెండింటిలోనూ ఏళ్ల తరబడి సాగే మాయాలోకపు సీరియళ్లు. వేసవి సెలవుల్లో జగిత్యాలలో అమ్మమ్మ ఇంట్లో కలిసి, ఏడాది సంచికలు మార్చుకుని, నోటుబుక్కులో మధ్యన గీత కొట్టి ఇటు నా కథ, అటు తన కథ రాసుకునేవాళ్లం. నా కథలో దీపమిచ్చే అవ్వ ఉంటే తన కథలో దారి చెప్పే అవ్వ, ఇక్కడ మాట్లాడే కొంగ ఉంటే అక్కడ మాట్లాడే తాబేలు. నా కొంగను వెక్కిరించిందని ఒకసారి రెండు రోజులు మాటలు మానేశాను కూడా.

అన్నింటికన్నా పెద్ద పోలిక తండ్రులది. నా కథలో పడవవాడు, తన కథలో రాజు, ఇద్దరూ సముద్రాలకవతల రాక్షసులకు చాకిరీ చేయడానికి పోతూ, నా బిడ్డ కోసం తిరిగి వస్తానని మాటిచ్చినవాళ్లే. అక్క ఆ వరుస కింద రెండు గీతలు గీసింది. వాళ్ల నాన్న, మా పెద్దబాపు, దుబాయి పోయి అప్పటికి నాలుగేళ్లు. మొదటి ఏడాది తర్వాత ఉత్తరం ముక్క లేదు. బస్సెక్కే ముందు ఆమె తల నిమిరి "నా బిడ్డ కోసమన్న మర్లి అస్త" అన్నాడట. నా కథలో పడవవాడు కూతురి దగ్గరికి తిరిగొచ్చిన నాడు అక్క మొహం చూడాల్సింది! ఒక కథలో జరిగింది గనుక రెండోదాంట్లోనూ జరుగుతుంది, రెండింట్లో జరిగితే తమ ఇంట్లోనూ జరుగుతుంది, ఇదీ ఆమె నమ్మకం.

తన కథలో రాజుగారి బిడ్డను చివరిదాకా చూపించలేదు. అడవిలో దాచిన పసికందు, అంతే. మా వైపు నా బిడ్డ అంటే కూతురే కనుక మేమిద్దరం ఆమెకు పేరు కూడా పెట్టేసుకున్నాం. మరుసటి వేసవిలో ఆఖరి భాగంలో ఇద్దరం తలలు దూర్చి చదివాం. రాజు తిరిగొచ్చాడు. అడవిలోంచి కత్తి పట్టుకుని కొడుకు ఎదురొచ్చాడు. ఆ రాసినాయన తెలుగులో బిడ్డ అంటే ఎవరైనా కావచ్చని మాకెవరు చెప్పారు? అక్క పత్రిక మూసేసి, "కొడుకులకైతేనే మర్లి అస్తరు గావచ్చు" అంది. నోటుబుక్కు తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. నేను ఆపగలిగి ఉండీ ఆపలేదు.

పెద్దబాపు రాలేదు. పోయాడన్న కబురైనా రాలేదు. బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియకుండానే పెద్దమ్మ కాలం చేసింది.

నిరుడు అక్క సిరిసిల్లలో మంచం పట్టినప్పుడు పక్కన కూర్చుని, కాలేజీలో చదివేటప్పుడు నాకు తెలిసిన ఆ మాట సంగతి ఎట్టకేలకు చెప్పాను. ఆ కథ రాసినాయన తెలుగులో బిడ్డ అంటే కూతురూ కొడుకూ ఇద్దరూనని, ఆ కథ ఆడపిల్లల్ని కాదనలేదని. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. అక్క "గది గాయన తెలుగు. మా బాపుది మన తెలుగే గదనే" అంది. నిజమే, ఆయన మాటిచ్చింది ఆమెకే, అయినా రాలేదు, వేరే అర్థం వెతకడానికి చోటే లేదు. నా నోరు పడిపోయినా బాగుండేది. పది రోజులకు అక్క పోయింది.

ఇప్పుడు గల్ఫుకు పోయినవాళ్లు రోజూ ఫోనులో మొహం చూపిస్తున్నారు. కోరుట్ల బస్సులో పక్క సీటు పిల్ల వాళ్ల నాన్నకు తన కొత్త గౌను చూపిస్తుంటే నాకు సంతోషమూ వేస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఆ రోజుల్లో ఇదే ఉంటే, ఆయన ఫోను ఎత్తడం మానేసిన మొదటి ఏడాదే ఇక రాడని మా అక్కకు తెలిసిపోయేది. నలభై ఏళ్లు తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్లేది కాదు.