జత లేని చెప్పు

శాంతికుమార్ కళ్ళకి ఉన్నవి ఆనేవి కావు, లేనివే కనబడేవి. చర్చిలో ప్రసంగం సాగుతుంటే బెంచీలో ఖాళీ చూసి, "యేసుపాదం మామ ఇంకా రాలేదేటి?" అని నన్ను పొడిచేవాడు. అందరూ ఇళ్ళకి పోయేక మెట్ల మీద మిగిలిన ఒంటి చెప్పు ఏరి సంచీలో వేసుకునేవాడు. పెళ్ళికెళ్ళినా అంతే. భోజనం మానేవాడేమో గానీ చెప్పు మానేవాడు కాదు.

దాంతో ఏం చేసుకుంటావు బావా అంటే, "జత లేదు కదా, పాపం" అనేవాడు. ఆఫీసులో మేం ఒంటిచెప్పు బావ అని పేరెట్టేం.

మాది అనకాపల్లిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండువేల ఎనిమిదిలో వికలాంగుల పింఛను కార్డుల పని వచ్చింది. మనిషికొక కార్డు. కార్డు అందనివాళ్ళెవరని ఓనరు త్రినాధరావు గారు కంప్యూటర్ని అడిగేరు. ఎవరూ లేరంది. వెంటనే పైవాళ్ళకి ఫోను చేసి, లడ్డూలు తెప్పించేరు.

కింద మెట్ల మీద మాత్రం సత్తియ్య కూర్చునున్నాడు. బెల్లం మార్కెట్లో లారీ కింద ఎడమకాలు పోయిన కళాసీ. కార్డు కోసం తిరిగి తిరిగి చంకకర్ర అరగదీసేడు. లేనోళ్ళని అసలు లేరనడం మన దేశంలో పాత విద్యే, దానికి కంప్యూటర్ కొననక్కర్లేదు.

శాంతికుమార్ లడ్డూ ముట్టలేదు. మన మాటని డేటాబేసు భాషలోకి మార్చే దుబాసీ ప్రోగ్రాం ఒకటుంటుంది. తప్పంతా అక్కడే పట్టుకున్నాడు. కంప్యూటర్లో కార్డు పద్దులో మనిషి నంబరుంటుంది గానీ మనిషి పద్దులో కార్డు నంబరుండదు. ఎవరి కార్డు ఖాళీ అని అడిగితే, ఆ దుబాసీ పోయి, మనిషి నంబరే ఖాళీగా ఉందా అని చూసొస్తోంది. నంబరు లేని మనిషి ఎందుకుంటాడు?

"ముందు మనుషులందర్నీ నిలబెట్టాలండి," అన్నాడు. "కార్డున్నోడి చేతిలో కార్డు పెట్టాలి. లేనోణ్ణి వరసలోంచి గెంటెయ్యకూడదు, ఖాళీ చేత్తోనే ఉంచాలి. అప్పుడడగాలి, ఎవరి చెయ్యి ఖాళీ అని."

అలాగే రాసి నొక్కేడు. తెర నిండా పేర్లు దిగేయి. సత్తియ్య పేరూ దిగింది.

త్రినాధరావు గారి లడ్డూ నోట్లోనే ఆగిపోయింది. "ఎవరూ లేరని చెప్పేసేను కదయ్యా."

"ఉన్నారని నేను చెప్తానండి."

చెప్పేడు, తిట్లు తిన్నాడు, ఊరుకోలేదు. ఆఖరికి కార్డులొచ్చేయి. అప్పటికి శాంతికుమార్ లేడు. కామెర్లు. ముప్ఫయ్యేళ్ళు నిండని మనిషి.

వాళ్ళింట్లో ఆదరణ కూడికకి, అదే అయినవాళ్ళని ఓదార్చే ప్రార్థనకి, వెళ్ళేం. మెడలో కార్డు వేలాడేసుకుని సత్తియ్య వచ్చేడు. గుమ్మం దగ్గర చెప్పు విడిచేడు. ఒక్కటే. నీలంరంగు, పైన పువ్వు.

"ఆడోళ్ళదేటి మామా?" అన్నాను.

"ఏటి సేత్తాం బాబూ. శాంతిబాబు ఏది దొరికితే అదే తెచ్చేవోడు. ఓపాలి ఎడమకాలిది తెచ్చేడు. నాకే కాలుందో కూడా సూడవేటని తిట్టేను. ఊరంతా తిరిగి కుడిది ఎతికి తెచ్చేడు."

ఇన్నాళ్ళూ ఆ సంచీ ఎక్కడ ఖాళీ అయ్యేదో మాలో ఒక్కడికీ అడగాలనిపించలేదు.

ప్రార్థన అయింది. అందరూ జతలు తొడుక్కుని కదిలేరు. త్రినాధరావు గారు రెండడుగులు వేసి ఆగేరు. వెనక్కొచ్చి, గుమ్మం దగ్గర మిగిలిన నీలం చెప్పు తీసి రుమాలుతో దులిపేరు.

"సత్తియ్య ఇంకా రాలేదేటి?" అన్నారు.