గోటి దెబ్బ

మా బావ బాయిలర్ ఆపరేటర్. మల్కాపురంలో ఉండేవాడు. మీటరుని ఊరికే నమ్మడు. గోటితో అద్దం మీద కొట్టి, గొట్టానికి చెవి ఆనించి వింటేగాని ఊరుకోడు. నిద్రలో ఊపిరి ఆగుతోందని, మాస్కుతో గాలి పంపే సీపాప్ మిషన్ని డాక్టరు పది మీద పెడితే, ఈయన ఆరుకి దించేశాడు.

"బాయిలర్ని రోజూ సూత్తన్నాను. ప్రెషర్ ఎక్కువైతే పేలిపోదేటి?"

నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నప్పుడు అక్క ఆయన గురకని ఫోన్లో రికార్డు చేసింది. లేచాక చేతికిచ్చింది.

"మీ సెవిని నమ్ముతారు కదా, ఇనండి."

ఫోను మీద గోటితో తడుతూ విన్నాడు. గురక ఆగింది. గోరూ ఆగింది. ఎంతసేపటికీ శబ్దం లేదు. చివరికి, మునిగినవాడు తేలినట్టు ఒక ఎగశ్వాస.

"ఇది నానేనేటే?"

బావ లేచి మిషన్ని పదికి తిప్పాడు. గోటితో కొట్టి చూడలేదు.